సైదాబీ పదో సాలు

వినుకొండ దగ్గరి పల్లెలో మిరప వేసే సైదాబీ కొడుకు సిలార్. హైదరాబాదులో కంప్యూటర్ మెమరీ చిప్పులకు సర్క్యూట్లు గీస్తాడు. అతని పేరున తొమ్మిది పేటెంట్లున్నాయి. ఊళ్లో మాత్రం "రిపేర్లు చేస్తాడు" అంటారు.

పదోది మొండికేసింది. చిప్పులో కోట్లాది గళ్లు సాళ్లలా బారులు తీరి ఉంటాయి. కొన్ని పుట్టుకతోనే చచ్చి ఉంటాయి. వాటి బదులు వాడుకోవడానికి ఒక అంచున కొన్ని వరసలు అదనంగా పెడతారు. నడిమధ్య గడి చచ్చిందంటే అంచుదాకా పోయిరావడానికి ఆలస్యం. దాన్ని తగ్గించే దారి తోచక సిలార్ సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. వచ్చినవాణ్ణి సైదాబీ చేలోకి తోలింది.

చచ్చిన మిరప మొక్కల చోట కొత్తవి పెట్టే రోజులవి. పక్క చేలో గఫూర్ ప్రతి ఖాళీకీ గట్టు మీదున్న నారు దగ్గరికి నడుస్తున్నాడు. సైదాబీకి ఆ నడకే లేదు. ప్రతి పదో సాల్లో కుదురుకు రెండేసి మొక్కలు నాటి ఉంచింది. పక్కన ఖాళీ కనబడితే అందులోంచి ఒకటి తీసి పెడుతోంది.

"ఎప్పట్నుంచమ్మా ఇట్టా?"

"నువ్వు బళ్లో చేరినప్పట్నుంచీ. చేలోకొస్తే గదా తెలిసేది!"

చిప్పులోనూ అదనపు వరసల్ని అంచున కాక మధ్యమధ్యన పెట్టొచ్చని తోచి, సిలార్ బురద కాళ్లతోనే లాప్‌టాప్ తెరిచాడు. నెల తిరిగేసరికి దరఖాస్తు సిద్ధమైంది. ఆలోచన అమ్మదే కాబట్టి ఆమె పేరూ రాశాడు. శుక్రవారంలోగా ఆమె సంతకం కావాలి. దాటితే ఇంకో కంపెనీ ముందు వేసేస్తుందని భయం. గురువారం కాగితం తెచ్చాడు.

"పేటెంటంటే ఏందిరా?"

"ఇది మనది, అడక్కుండా ఇంకెవరూ చెయ్యకూడదని."

"మనదా? మీ కంపెనీదా?"

"హక్కు కంపెనీదే అనుకో..."

సైదాబీ పెన్ను కింద పెట్టేసింది. "అంటే నా చేలో రెండేసి మొక్కలు పెట్టాలంటే మీ కంపెనీనడగాలా? పోరా, నేను పెట్టను సంతకం."

సిలార్ బతిమాలాడు. బొమ్మలు చూపించాడు. పందొమ్మిది పేజీల్లో మిరప అన్న మాటే లేదని ఒట్టేశాడు.

"లేకపోతేనే అనుమానం," అందామె.

చివరికి, "మా అమ్మ తన చేలో తన ఇష్టమొచ్చినట్టు నాటుకోవచ్చు" అని తెల్లకాగితం మీద రాసి సంతకం చేశాడు. గఫూర్‌ని పిలిచి సాక్షి సంతకం చేయించారు. అప్పుడు గాని ఆమె పెన్ను తియ్యలేదు.

గఫూర్ ఆశగా అడిగాడు. "అయితే అక్కా, వచ్చే ఏడు నేనూ పదో సాల్లో రెండేసి పెట్టుకోనా?"

సైదాబీ తెల్లకాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

"దీన్లో నీ పేరేదీ? నన్నడిగి పెట్టు."