మా నాయన పెట్టిన చైనా పరీక్ష

నేను పెకింగుకు చదువుకు పోవడానికి అడ్డం పడింది చైనా వాళ్ళు కాదు, ఢిల్లీ వాళ్ళు కాదు, మా నాయన. ప్రభుత్వం వాళ్ళు నన్ను ఎంపిక చేసి, తండ్రి ఒప్పుకుంటే చాలన్నారు. ఆ ఒక్కటే కుదరలేదు.

“ఆడ ఆకలైతే ఎవర్ని అడుగుతావురా? కడుపునొప్పి లేస్తే ఎట్ల చెప్తావు? ముందు వాళ్ళ మాట నేర్చుకో. నా ముందర ఒగ చైనా మనిషితో మాట్లాడి చూపించు, అప్పుడు పో,” అన్నాడు.

ఎద్దును కొన్నా ఆయన పద్ధతి అదే. అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వినడు. తన కళ్ళ ముందు కాడి కట్టి, బండ లాగించి చూశాకే బేరం. ఇప్పుడు కొడుక్కీ కాడి కట్టి చూస్తానంటాడు! ఆయన ఉండేది బేతంచెర్ల దగ్గర పల్లెలో. నేను కర్నూలు కాలేజీలో. చైనా మనిషిని ఎక్కడినుంచి పట్టుకురాను?

అదృష్టం కొద్దీ, కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్ళోకి దిగిన జనంలో ఒక చైనా పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు. అంగడి ముందు గాజు బీరువాలో కట్టుడు పళ్ళు, బోర్డు మీద ఎర్రటి చైనా అక్షరాలు. వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను.

“దానికేమప్పా, దినమూ సాయంత్రం రా, నేర్పిస్తా,” అన్నాడు, అచ్చం మా ఊరివాడిలాగే. అక్కడే నాకు అనుమానం రావలసింది. వస్తే కదా!

అంకెలు నేర్పాడు. అన్నం, నీళ్ళు, నోరు తెరువు, ఉమ్మెయ్. ఆ తర్వాత రోజూ అవే. వాక్యాలు ఎప్పుడంటే రేపనేవాడు. నాయన రమ్మన్న ఆదివారం వచ్చేసింది. ఇద్దరం బయల్దేరి, డోన్‌లో బండి మారడానికి బెంచీ మీద కూర్చున్నప్పుడు అసలు సంగతి కక్కాడు.

“నేను పుట్టింది బళ్ళారిలోనప్పా. మా నాయన చైనా ఆయన, నా చిన్నప్పుడే పోయినాడు. అమ్మది ఈ పక్కే. నాకొచ్చే నాలుగు మాటలూ నీకు చెప్పేసినా. ఇంగ లేవు.”

“మరి ఆ బోర్డు?”

“అది మా నాయనది. ఏం రాసుండాదో నాకూ తెలీదు.”

ఆయన్ని వచ్చిన బండిలోనే వెనక్కి తోసేయాలన్నంత కోపం వచ్చింది. ముందే చెప్పి ఏడవొచ్చు కదా అని అరిచాను.

“ఈ మొగం పెట్టుకోని చైనా మాటలు రావంటే ఎవరు నమ్ముతారప్పా? సిగ్గయితాది,” అన్నాడు తల వంచుకుని. మళ్ళీ ఆయన పక్కనే కూలబడ్డాను. చేసేదేముంది, నోటికొచ్చింది వాగుదామని అనుకున్నాం.

మా నాపరాళ్ళ అరుగు ముందు ఊరంతా చేరింది. మా అమ్మ డాక్టరు ముందు కోడికూర, సంగటి పెట్టింది. నేను ఆవేశంగా పది దాకా అంకెలు చెప్పాను. ఆయన ఆలోచించి, నోరు తెరువు అన్నాడు. నేను నీళ్ళు అన్నాను. ఆయన పకపకా నవ్వి అంకెలు తిరగేసి చెప్పాడు. ఊరంతా నవ్వింది. ఉన్న మాటలు అయిపోయాక ఇద్దరం నోటికొచ్చిన కూతలు కూశాం. మా మేనమామ పక్కన నిలబడి ఆడవాళ్ళకు అర్థం కూడా చెప్పాడు: “ఈ తూరి వానలు ఎట్లుండాయని అడుగుతాండాడు.”

చివరికి నాయన చెయ్యెత్తాడు. “శానా బాగుండాది!” నా గుండె గంతులేసింది. “ఇంత బాగా వచ్చేసినాక ఇంగ చైనాకు ఏంటికిరా? డాక్టరప్ప కర్నూల్లోనే ఉండాడు. మిగిలింది ఈడనే నేర్చుకో.”

నా నెత్తిన పిడుగు పడింది. ఇక్కడ నేర్పేవాళ్ళే లేరన్న నిజం చెబితే పెకింగు దక్కుతుందేమో. కానీ మా ఇంట్లో అన్నం తింటున్న మనిషి పరువు ఊరందరి ముందూ తీయాలి. నోరు తెరిచాను. డాక్టరు ముఖం చూసి మూసుకున్నాను. ఇంక పెకింగు లేదు, ఏమీ లేదు. ఏడుపొచ్చింది.

డాక్టరు సంగటి సగంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని లేచాడు.

“పెద్దాయనా, నాకు చైనా మాటలు రావు. ఇంతసేపూ మేం పలికింది ఉత్త పిచ్చికూతలు. మా నాయన పోయినాక నాతో ఆ మాటలు మాట్లాడినోళ్ళే లేరు. నేర్పేదానికి నా దగ్గర ఏముండాది? మీ వాణ్ణి పంపీయండి.”

మా మామ మెల్లగా స్తంభం వెనక్కి జరుక్కున్నాడు. నాయన డాక్టరు వైపే చూస్తూ ఉండిపోయాడు. తన్నులు తప్పవనుకున్నాను. నాకో, ఆయనకో.

“కూసోప్పా డాక్టరూ, సంగటి సల్లారిపోతాది,” అని భుజం పట్టి కూర్చోబెట్టాడు నాయన. తర్వాత నా వైపు తిరిగాడు.

“రేయ్, నువ్వు పో. పోయి బాగా నేర్చుకోని రా. ఈయప్పతో మాట్లాడేదానికి ఒగరన్నా ఉండాల గదరా.”