ఖాళీ అని తేలిన గది

మా తోడికోడలికి కోపం రాదు. ఆమె వంతు కూడా నేనే కోప్పడుతుంటాను. వరసకు అక్క. ఇద్దరం ఒకే ఆఫీసు భవనంలో తుడుస్తాం.

అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. మధ్యాహ్నం తిన్నాక కాసేపు కాళ్ళు చాపుకుంటే తప్ప సాయంత్రం దాకా నిలబడలేదు. నిలబడలేనివాళ్ళను సూపర్‌వైజరు ఇంటికి పంపేస్తాడు. మూడో అంతస్తు చివర తుడిచేవాళ్ళకంటూ ఒక గది ఉండబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. కిటికీ లేదు, ఒక పాత బల్ల, ఇంటి బట్టలు తగిలించుకోవడానికి నాలుగు మేకులు, అంతే.

అంతలో భవనం బాగోగులు చూడటానికి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఏ గదిని ఎందరు వాడుతున్నారో, ఏది ఊరికే పడి ఉందో అదే చెబుతుందట. తలుపు దగ్గర కార్డు పెడితే చాలు, లెక్క దానంతటదే రాసుకుంటుంది. నెల తిరక్కముందే మా గది ఖాళీగా పడి ఉందని తేల్చింది. దాని మొహం మండ! రోజూ ఆడవాళ్ళం అందరం అందులోనే ఇరుక్కుని కూర్చుంటున్నాం.

తాడోపేడో తేల్చుకుందామని మేనేజరు దగ్గరికి వెళ్ళాను. వద్దు వద్దంటూనే అక్క వెనకాల కుంటుతూ వచ్చింది. ఆయన కంప్యూటరు మా వైపు తిప్పాడు. మా కార్డులకు తలుపు తెరుచుకుంటుంది గానీ మేము లెక్కలోకి రామట. మేము గది శుభ్రం చేసేవాళ్ళమే తప్ప వాడుకునేవాళ్ళం కాదట.

"ఎదురుగా నిలబడ్డాం కదయ్యా, మమ్మల్ని లెక్కపెట్టు" అన్నాను.

"నా చేతిలో ఏముందమ్మా, సిస్టంలో అలా ఉంది" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అక్క చెయ్యి పట్టుకుని లాక్కురాకపోతే చీపురు ఆయన బల్ల మీదే పడేసి వచ్చేదాన్ని.

గదికి రంగులు వేశారు. ఆఫీసువాళ్ళు అలసట తీర్చుకోవడానికట, మెత్తటి సోఫా తెచ్చి వేశారు. తలుపు పక్కన చిన్న తెర, లోపల ఎవరూ లేకపోతే 'ఖాళీ' అని ఆకుపచ్చగా వెలుగుతుంది. మేము మెట్ల కింద అన్నం డబ్బాలు విప్పుకోవడం మొదలుపెట్టాం. అక్కడ కాళ్ళు ముడుచుకుని కూర్చోవడమే గగనం. వారం తిరిగేసరికి అక్క కాళ్ళు వాచిపోయాయి. పైగా ఆ సోఫా తుడిచే పని ఆమెకే వేశారు, వీళ్ళ బరితెగింపు చూడండి.

నిన్న మధ్యాహ్నం అక్క కనబడకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. తెర మీద ఖాళీ అనే ఉంది. నాకంటే ముందే ఒక ఆఫీసరు తలుపు తీసి గుమ్మంలో నిలబడిపోయాడు. లోపల సోఫా మీద మా అక్క, కాళ్ళు బారుగా చాపుకుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని. ఆయన తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు, ఖాళీ అని ఉందే అని గొణిగాడు.

అక్క నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది.

"సరిగ్గానే చెప్పింది సార్. ఇక్కడెవరూ లేరు. తలుపేసి వెళ్ళండి."

ఆయన వెళ్ళిపోయాడు. నేను మెట్ల దగ్గరికి పోయి కిందికి కేకేశాను, అందరినీ డబ్బాలు పట్టుకుని పైకి రమ్మని.