మా చెల్లి పొడుగు కొలిచిన పురికొస

మా చిన్నప్పుడు... మామిడికాయల సీజన్ మొదలైందంటే బాపులపాడు నుంచి మా మేనత్త దిగేది. ఆవకాయకి కాయలు తీసుకెళ్లడానికని చెప్పేది. అమ్మ నమ్మేది కాదు. "కాయల కోసమా... పిల్లని చూసుకోడానికి" అనేది, పొయ్యి ఊదుతూ, మాకు మాత్రమే వినపడేట్టు.

పిల్ల అంటే మా చెల్లి మణి. అది పుట్టిన రోజే నాన్న వాళ్లక్కకి మాటిచ్చేశాడు, మణి అత్త కొడుకు రాఘవకేనని. నూజివీడు చుట్టూ తోటల్లో కాయలు కోసి గంపలు కట్టే కుటుంబం మాది. అత్తవాళ్లకి సొంత పొలం, పాడి, నిండా ధాన్యం ఉన్న గాదె. అమ్మకి ఆ సంబంధం మీదే ప్రాణం.

అత్తకి మాత్రం ఒకటే బెంగ. రాఘవ బావ వయసుకి తగ్గ ఎత్తు లేడు. పెళ్లికూతురు పెళ్లికొడుకుని మించిపోతే ఊరంతా నవ్వుతుందని...

రెండేళ్లు నిండినప్పుడు పిల్ల ఎంత ఉంటే, పెద్దయ్యాక దానికి రెట్టింపు ఎదుగుతుందని మా వైపు నమ్మకం. మణికి రెండు నిండిన వేసవిలో అత్త వస్తూనే "కొలిచేద్దాం" అంది. గంపలు కుట్టే పురికొస తెచ్చారు. చెల్లిని చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర అత్త... కాళ్ల దగ్గర నాయనమ్మ. వంటింటి గుమ్మంలో అమ్మ, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"గట్టిగా పట్టుకోవే సూరమ్మా, పిల్ల కదులుతోంది" అంది నాయనమ్మ అత్తతో. మణి ఒకటే ఏడుపు. నాయనమ్మ దాని పావడా కాళ్ల మీదికి లాగి, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ ముడి వేసింది.

ఆ పొడుగుకి ఇంకో అంత కలిపి, తాడుని నాన్న పక్కన నిలువుగా పట్టుకున్నారు. కొస నాన్న తల దాటిపోయింది.

నాన్న పకపకా నవ్వాడు. "కాయలు కొయ్యడానికి ఇంక చిక్కం కర్ర అక్కర్లేదక్కయ్యా. మణిని పంపిస్తే సరి."

అత్త నవ్వలేదు. అమ్మ వైపు తిరిగింది. "ఏం పెడుతున్నావే సుబ్బులూ పిల్లకి?"

"మీ తమ్ముడు తెచ్చిందే పెడుతున్నాను వదినా."

ఆ తాడు దూలానికి వేలాడదీశారు. అక్కడే ఉండిపోయింది... ఏళ్ల తరబడి.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకరి కళ్లు ఒకరి మీదే. ప్రతి వేసవిలో అత్త మణినీ బావనీ వీపులు ఆనించి నిలబెట్టేది. బావ మడమలు కాస్త లేపితే బాగుండునని అమ్మ చూపు. మణి మోకాళ్లు వంచుతోందేమోనని అత్త చూపు.

పెరిగే పిల్లలకి పావడా లోపల మడతలు వేసి కుట్టి, ఏడాదికొకటి విప్పేవారు. అత్త అన్నం తింటూ కూడా ఆ విప్పిన కుట్ల గుర్తులే చూస్తూ ఉండేది. అది కనిపెట్టి అమ్మ మడతలు విప్పడం మానేసింది. దాంతో పావడా పిక్కల మీదికి పోయి, మణి ఇంకా పొడుగ్గా కనపడింది...

ఒక ఏడు మణి ఒక్కసారిగా సాగింది. బావ చెవి దాకా వచ్చేసింది. అత్త దాన్ని చూసింది. తలెత్తి దూలానికున్న తాడుని చూసింది. కాయలు మూట కట్టించుకుంది.

మరుసటి వేసవికి రాలేదు. రాఘవకి గుడివాడ వైపు పిల్లని ఖాయం చేశారని హనుమాన్ జంక్షన్‌లో ఎవరో నాన్నకి చెప్పారు. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పి, తోటకి వెళ్లిపోయాడు. అమ్మ చాలాకాలం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత మణి ఎదుగుదల ఆగిపోయింది. అమ్మంత ఎత్తే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆవకాయ ముక్కలు కొడుతుంటే, అమ్మ ఉన్నట్టుండి లేచి ఆ తాడు దింపి మణి పక్కన పట్టింది. మణి తల మీద ఇంకా జానెడు పైన మిగిలింది.

"చూశారా అత్తయ్యా! మీ కూతురు కావాలనే పొడుగు చేసింది. తల దగ్గర కూర్చుంది తనేగా!"

నాయనమ్మ జీడి తీస్తున్న ముక్క మీంచి కళ్లెత్తలేదు. "అది పాపం సరిగ్గానే పట్టుకుంది. ముడి వేసింది నేను. పాదాలు దాటించి వేశాను."

అమ్మ తాడుకున్న ఆ ముడి వైపు చూసింది. "ఎందుకు?"

"నేను కన్నదాని సంగతి నాకు తెలీదా? దాని ముందు ఈ పిల్ల నోరెత్తగలదా?"

"మరి నాతో ఒక్క మాట అనకూడదూ?"

"అంటే వింటావా? నీకు వాళ్ల గాదె తప్ప ఏం కనపడింది?"

అమ్మ తాడు పొయ్యిలో పడేసింది. ఆ మాట నిజమో, కూతురి మీదికి నింద రాకుండా ముసలామె తన మీద వేసుకుందో... అమ్మ చివరిదాకా తేల్చుకోలేదు. నాకూ తెలీదు. చాప మీద పాదాలు కనపడకుండా పరుచుకున్న ఆ పావడా మాత్రం గుర్తుంది.

మణికి నూజివీడులోనే ఒక కొట్టు గుమస్తాతో పెళ్లయింది. ఆయన మంచి పొడగరి. ఆయన్ని ఎవరూ కొలవలేదు.

ఈ మధ్య మణి మనవరాలిని ఆసుపత్రికి తీసుకెళ్లాం. అమ్మానాన్నల ఎత్తు అడిగి, కంప్యూటర్‌లో వేసి, పాప పెద్దయ్యాక ఎంత పొడుగవుతుందో అక్కడికక్కడే చెప్పేశారు. అందరూ తలూపారు... ఎవరూ అనుమానపడలేదు.

మణి ఒక్కతే నా వైపు వంగి, "కాళ్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నయ్యా?" అంది.

ఎవరూ లేరు. ఇప్పుడు ఆ చోట ఎవరూ కూర్చోవడం లేదు...

మీరెంత పొడుగవుతారో మీ ఇంట్లో ఎవరు చెప్పారు? తాడు ఎవరు పట్టుకున్నారో, ముడి ఎవరు వేశారో... గుర్తుంటే రాయండి.