మూడు గంటలని చెప్పింది నేనే

రేసు అయిపోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ సుజాత. ప్రజ్ఞాపూర్ నుంచి ఫోను చేసింది. ఆదివారం, పదకొండున్నర దాటింది. నేను పొయ్యి మీది పప్పు దించుతున్నాను. ఆరేళ్లయింది. ఆ రోజు నేనాడిన ఒక మాట అప్పటినుంచి గుండె మీద రాయిలా ఉంది. దాన్ని మోస్తూనే వంట చేశాను, పూజ చేశాను, నలుగురిలో నవ్వాను కూడా. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ముందు మా మామ సంగతి చెప్పాలి. అంటే మా ఆయన తండ్రి, రాజయ్య. సిద్దిపేటలో డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు. చిన్నకోడూరు నుంచి, చంద్లాపూర్ నుంచి ట్రాక్టర్లు వచ్చి ఆగేవి. ఆయన వాటి ముందు కళ్లు మూసుకుని నిలబడేవాడు. చప్పుడు విని, పంపు టైమింగు ఎంత తప్పిందో చెప్పేవాడు.

ఆయనకు కార్ల రేసులంటే ప్రాణం. నేను కోడలిగా వచ్చేనాటికే తండ్రీ కూతుళ్లిద్దరూ ఆదివారం టీవీ ముందు కూర్చుని అరిచేవాళ్లు. నాకేమీ అర్థమయ్యేది కాదు. మామే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఐదు ఎర్ర లైట్లు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఐదూ ఒక్కసారే ఆరిపోతే రేసు మొదలు. దీపం ఆరిందనడానికి నాకు నోరు రాదు కదా, "కొండెక్కినయ్ మామా!" అని అరిచేదాన్ని. "నీ భక్తి సల్లగుండ, అవి దీపాలు కావు బిడ్డా, సిగ్నల్ లైట్లు" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు. కోడలిని కూర్చోబెట్టి లోకం చూపించిన మామ ఎంతమందికి దొరుకుతాడు? ఆ సంగతి తలుచుకుని మా ఇంటి దేవుడు మల్లన్నకు రోజూ దండం పెట్టుకునేదాన్ని.

చలికాలమంతా రేసులుండవు. మూడు నెలలు ఎదురుచూస్తే గానీ కొత్త ఏడాది మొదటి రేసు రాదు. మామకు అన్నిటికన్నా అదే ఇష్టం. ఆ రోజు ఎవరూ ముందు లేరు, ఎవరూ వెనక లేరు, అందరిదీ సున్నానే అనేవాడు. పైగా ఆ ఏడు ఆయన మెచ్చిన డ్రైవరు, కిందటేడు కాలు విరిగి మూలన పడ్డవాడు, మళ్లీ బండి ఎక్కుతున్నాడు. ఎక్కగలడా, పాత వేగం ఉందా, చూడాలి. నెల ముందు నుంచే మామకు అదే ముచ్చట.

రేసు ఎన్ని గంటలకో చెప్పడం అంతకు ముందు సుజాత పని. ఆమె పెళ్లయి పోవడంతో ఆ ఏడు అది నాకు వచ్చింది.

నేను బడికి పోలేదు. బాపు, అంటే మా నాన్న, ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, పంచాంగం చూడడం నేర్పాడు. మా వాడలో ఎవరికి ఏ పని ఉన్నా నన్ను అడిగేవాళ్లు. వర్జ్యం ఎప్పుడు, మంచి గడియ ఎప్పుడు, అని. చదువుకున్న ఆడవాళ్లు కూడా వచ్చి అడిగేవాళ్లు. నాకున్న పెద్దరికం అదొక్కటే. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది వినండి. సాకు కోసం చెప్పడం లేదు.

ఫోనులో రేసుల పట్టిక చూశాను. ఆస్ట్రేలియా, ఆదివారం, మధ్యాహ్నం మూడు అని ఉంది. పంచాంగంలో ఏ గడియ రాసినా అది మన గడియే. పట్టికలో రాసిందీ మన సమయమే అనుకున్నాను. అక్కడి మూడంటే మనకు పొద్దున తొమ్మిదిన్నర అని నాకు తట్టనే లేదు. మామకు అనుమానం వచ్చింది. ఆ దేశం రేసు ఎప్పుడూ పొద్దున్నే ఉంటుంది కదా అన్నాడు. లేదు మామా, స్పష్టంగా మూడని రాసి ఉందని నేనే గట్టిగా చెప్పాను. సరేనన్నాడు. షెడ్డులో పనులు సుద్దముక్కతో తలుపు మీద రాసుకోవడం ఆయనకు అలవాటు. అలాగే టీవీ గది తలుపు వెనక రాసుకున్నాడు. ఆదివారం, రేసు, 3 గంటలు.

ఇంతవరకు జరిగింది పొరపాటు. దానికి నేను ఏడవను.

సుజాత ఫోనులో అరిచినంత పని చేసింది. "వదినె, నాయిన చూసిండా? కాలిరిగినోడు మూడో నంబరు వచ్చిండు, బహుమతి మెట్టెక్కిండు! నాయినకియ్యి ఫోను." ఫోను చెవి నుంచి దించాను. పట్టిక మళ్లీ తీసి చూశాను. కింద చిన్న అక్షరాల్లో ఉంది, అక్కడి స్థానిక సమయం అని. రేసు నడిచినంతసేపూ మామ ఇరవై అడుగుల దూరంలో, షెడ్డులో, ఎవరిదో ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. నేను ఒక్క కేక వేస్తే వినిపించేంత దూరం. "పండుకున్నడు, లేచినంక చేపిస్త" అని సుజాతకు చెప్పాను. మొదటి అబద్ధం అది. అది నోట్లోంచి ఎంత తేలికగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

అప్పటినుంచి మూడింటి దాకా నాకు మూడున్నర గంటల సమయం ఉంది. మామ స్నానం చేశాడు. అన్నం తిన్నాడు, పప్పు బాగుందన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. ఏమనుకుంటూ వెనక్కి వచ్చాను? వాడకంతా గడియలు చెప్పేదానికి గడియారం చూడడం రాదని నవ్వుతారనా? సుజాత అయితే తప్పేది కాదని మా ఆయన అంటాడనా? ఇంత చిన్న సిగ్గు కోసమేనా? ఇంత చిన్న దాని కోసమే.

మూడింటికి టీవీ పెట్టాడు. రేసు లేదు.

"ఏంది బిడ్డా, మన రేసు వస్తలేదు?"

"అది పొద్దుగాలనే అయిపోయింది మామా. సుజాత ఫోన్ చేసింది."

"పొద్దుగాలనా? గదే గదా నేనన్నది! లేదు మూడే అంటివి గద నువ్వు?"

ఒక్క ఊపిరి తీసుకునేంత సమయం దొరికింది. దేవుడు ఇచ్చాడనే అనుకుంటాను. నేను దాన్ని ఇలా వాడుకున్నాను.

"నేను తొమ్మిదిన్నర అనే చెప్పిన మామా. మూడంటే గా దేశపోళ్ల టైమన్న. నువ్వే మూడని రాసుకున్నవు."

ఆయన తలుపు వైపు తిరిగాడు. తన సుద్దరాత చూశాడు.

"రాత నాదే," అన్నాడు. తర్వాత, "నిజంగ తొమ్మిదిన్నర అన్నవా?"

"అన్న."

"మరి ఒక్కసారి పిలువకపోతివి?"

"షెడ్డుల ఎవరి ఫోన్లనో చూస్తున్నవనుకున్న."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యితో నుదురు రుద్దుకున్నాడు.

"నా మతి పాడుగాను. పోనీ తియ్యి. కాలిరిగినోడు ఎన్నోది వచ్చిండు?"

"మూడో నంబరు."

"మంచిగైంది. మెట్టెక్కిండన్నమాట." ఆగి, "నీ మీద ఎగిరిన. మనసుల పెట్టుకోకు బిడ్డా," అన్నాడు.

ఆయన నాకు క్షమాపణ చెప్పాడు. నేను తీసుకున్నాను.

తర్వాత టీవీలో మళ్లీ వేస్తారు కదా, చూడమని సుజాత అంటే ఒప్పుకోలేదు. "లగ్గమైనంక పత్రిక చదివినట్టుంటది" అని నవ్వేశాడు. ఆ సాయంత్రం దీపం పెట్టి మల్లన్నకు దండం పెట్టుకున్నాను. పరువు పోకుండా కాపాడినందుకు. అవును, అందుకే. ఎన్నో మేళ్లకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నదాన్ని. ఆ ఒక్కదాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆరేళ్లయినా తెలియలేదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

మామ నా మాట నమ్మాడు. తన చెవులు విన్నదాని కన్నా, తన బుద్ధికి తోచినదాని కన్నా నా మాటను నమ్మాడు. ఆ వారంలోనే చంద్లాపూర్ రైతొకాయన ట్రాక్టరు తీసుకొచ్చాడు. మామ చప్పుడు విన్నాడు, పానా పట్టుకున్నాడు, కింద పెట్టేశాడు. నాకు మతిమరుపు వచ్చింది, ఏదన్నా బిగించకుండా మరిచిపోతే నీ ఇంజను ఖరాబైతది, వేరేవాళ్లకు చూపించుకో అన్నాడు. ఆ మాట కిటికీలోంచి విన్నాను. ఇంకొకరొచ్చినా అదే మాట. మా ఆయన కూడా, వయసైంది కదా, విశ్రాంతి తీసుకోమన్నాడు. నెల తిరక్కుండా షెడ్డుకు తాళం పడింది. అరవై మూడేళ్లకు, చెయ్యి వణకని మనిషి, తన తలను తనే నమ్మక ఇంట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. మందు వేసుకున్నానా బిడ్డా అని అడిగేవాడు. వేసుకునే ఉండేవాడు. తలుపు గొళ్లెం పెట్టానా అని లేచి చూసేవాడు. పెట్టే ఉండేది. ఏటా మొదటి రేసు వచ్చినప్పుడు ఎన్ని గంటలకో నన్ను మూడుసార్లు అడిగేవాడు. నేను సరిగ్గానే చెప్పేదాన్ని. పక్కన కూర్చుని చూసేదాన్ని. లైట్లు వెలిగి ఆరేలోపు చెప్పేద్దాం అనుకునేదాన్ని. కార్లు పోయేవి. నాలుగు మొదటి రేసులు అలా పోయాయి. ఎందుకు చెప్పలేదు? మొదట నా పరువు కోసం. తర్వాత, ఇప్పుడు చెబితే ఆయన పోగొట్టుకున్న రోజులన్నిటికీ నేనే జవాబు చెప్పాలి కాబట్టి. ఆయన మనసు నొచ్చుకుంటుందని ఆగానని ఒకప్పుడు నన్ను నేను నమ్మించుకున్నాను. అది నిజం కాదు. చెబితే ఆయన షెడ్డు తాళం అడిగేవాడు, అంతే.

రెండేళ్ల కింద గుండె నొప్పితో దవాఖానలో పోయాడు. చివరి రోజు కూడా సుజాత పెళ్లినాడు వాన పడిందని, ఏ ట్రాక్టరు మీద సామాను వచ్చిందో కూడా చెప్పాడు. కానీ సంవత్సరీకం నాడు చుట్టాలందరూ ఒకటే అన్నారు, పాపం చివర్లో మతి పోయింది అని. మా ఆయన తలూపాడు. నేను అందరికీ వడ్డిస్తున్నాను. వడ్డిస్తూనే ఉన్నాను.

ఈ ఏడు మొదటి రేసు ఒక్కదాన్నే చూశాను. చూసి, కాగితం తీసుకున్నాను. ఇది సుజాత చదువుతుంది. మొదటి మాటలోనే తెలుసుకుంటుంది. ఆమె ఏమంటుందో, మా ఆయన ఏమంటాడో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగలిగిన మనిషి లేడు. కానీ రాస్తుంటే ఛాతీలో కొంచెం జాగా అయింది. ఊపిరి లోపలికి పోతోంది. ఇంతమాత్రం ఇచ్చినందుకు కూడా దేవుడికి దండం.

మీలో ఎవరి ట్రాక్టరైనా ఎప్పుడో సిద్దిపేటలో రాజయ్య దగ్గర బాగుపడి ఉంటే, ఎవరైనా ఆయన పేరెత్తి మతి పోయిందని అంటే, కాదని చెప్పండి. ఆయన్ను ఎరగని వాళ్లు కూడా ఒకసారి తలుచుకోండి. మా మామ రాజయ్య ఏదీ మరిచిపోలేదు.