బాయికి అబద్ధం రాదు

మా పెద్దబాపు పోయాడని పొద్దున్నే పెద్దన్న ఫోన్ చేశాడు. "చాయ తాగి గ్లాసు కింద పెట్టిండు చెల్లే, మళ్ల లేవలే" అన్నాడు. దుండిగల్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి, షేర్ ఆటో ఎక్కి మేడ్చల్‌లో దిగేసరికి నీళ్ల ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో సంతాపం వచ్చేసింది. "సుస్థిర నీటి యాజమాన్యంలో మా విలువైన భాగస్వామి ఇక లేరు" అని ఇంగ్లీషులో ఎవరో రాశారు. కింద చేతులు జోడించిన బొమ్మలు ఒక వరస, ఆ కింద వచ్చే వారం ఆన్‌లైన్ మీటింగ్ లింకు. ఆ లింకుకు కూడా ఒకాయన చేతులు జోడించాడు. బతికుండి అది చూస్తే పెద్దబాపు గొంతు సవరించుకునేవాడు. ఎవరినైనా తిట్టబోయే ముందు ఆయనకు అది అలవాటు. ఆ చప్పుడు వినగానే ఇంట్లో పిల్లలు పక్క గదిలోకి జారుకునేవాళ్లు.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచిమాటలు చెప్పడం మన ఆచారం. పెద్దబాపు ఆ ఆచారాన్ని కూడా తిట్టకుండా వదిలిపెట్టలేదు. ఎవరి దినానికైనా వెళ్లొస్తే, "బతికున్నన్ని రోజులు గట్టు తగాదా పెట్టుకున్నోడు ఇయ్యాల పొగుడుతాండు. పీనుగ లేచి కూసుంటే తెలుస్తుండె వానికి" అనేవాడు. కాబట్టి ఆయన్ని పొగడను. జరిగింది చెబుతాను. తిట్టవలసిన చోట తిట్టడానికి ఆయన లేడు గనుక ఆ పని నేనే చేస్తాను. అది నేర్పిందీ ఆయనే.

మా నాయిన తొందరగా పోతే నన్ను చదివించింది పెద్దబాపు, అంటే మా నాయిన అన్న. అలియాబాద్ దాటి లోపలికి వెళితే మా ఊరు. ఒకప్పుడు షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎటు చూసినా ద్రాక్షతోటలు ఉండేవి. ఆయనదీ ఒక తోట, నడుమ రాతి కట్టు బావి. మావైపు బావిని బాయి అంటారు, పొలానికి పోవడాన్ని బాయికాడికి పోవడం అంటారు. ఆ బాయి నీళ్లు తాగిన తీగలే నా ఫీజులు కట్టాయి. తర్వాత విల్లాలొచ్చాయి, ఫంక్షన్ హాళ్లొచ్చాయి, ఒకరిని మించి ఒకరు లోతుగా బోర్లు దింపారు, తోట ఎండిపోయింది. తీగలు పాకిన రాతి స్తంభాలు మాత్రం వరసగా మిగిలాయి. వాటి మధ్య పాలకూర, కొత్తిమీర, టమాట వేసుకుని ఆయన రోజులు నెట్టుకొచ్చాడు.

బావి దగ్గరికి ఎవరొచ్చినా ముందు స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చేవాడు. తాగితే మాట్లాడేవాడు. వద్దన్నవాళ్లను వదిలేసి మడిలోకి దిగిపోయేవాడు. "నీళ్లు తాగనోనితోని నీళ్ల ముచ్చటేంది?" అనేవాడు. ఇది మర్యాదా, పరీక్షా అని ఒకసారి అడిగితే, "రెండు ఒకటే బిడ్డా" అన్నాడు.

కొన్నేళ్ల కింద ఆ బావికి దేశదేశాల చుట్టాలొచ్చారు. కృత్రిమ మేధతో భూగర్భ జలాలను కాపాడాలని కొన్ని దేశాలు చేతులు కలిపాయట. ఎక్కడ బోర్లు వేయొచ్చో, ఎక్కడ ఆపాలో, ఏ నేలలో నీరు ఎంతకాలం నిలుస్తుందో ఇకమీద మిషన్ చెబుతుందట. అంత తెలివైన మిషన్‌కు కూడా ముందు ఎవరో ఒకరు బావి చూపించాలి. మా ఊళ్లో పెద్దబాపు బావిని ఎంచుకున్నారు. గోడకు ఒక పెట్టె బిగించి, దానికి తీగ కట్టి ఒక గొట్టాన్ని నీళ్లలోకి వదిలారు. పెట్టె మీద చిన్న పచ్చ దీపం. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఆ పెట్టె గంటగంటకూ పంపిస్తుంది, ఏ దేశంలో కూర్చున్నా చూసుకోవచ్చు. పెద్దబాపు ఫోన్‌కు తెలుగులో సలహాలు వస్తాయి. ఇంగ్లీషు వచ్చినదాన్నని నన్ను దుబాసీగా పెట్టుకున్నారు.

మీటింగులు చెరువు కనిపించే రిసార్టులో జరిగేవి. నీళ్ల పొదుపు మీద ఉపన్యాసం, ప్రతి కుర్చీ ముందు ప్లాస్టిక్ సీసా. ఒక గుక్క తాగి వదిలేస్తే టీ తర్వాత కొత్త సీసా వచ్చేది. వేదిక వెనక సిమెంటు కొండ మీంచి మోటారుతో దూకే జలపాతం ఒకటి ఉండేది. దాని హోరులో నీటి కొరత గురించి వినపడటం లేదని ఆపించారు, ఫోటోలప్పుడు మళ్లీ తిప్పించారు. అంతర్జాతీయ సహకారం అంటే ఏమిటో నేను అక్కడే చూశాను. బ్యానర్ మీద ఎవరి జెండా ముందుండాలి అనే దాని మీద ఒక పూట గడిచింది. పెద్దబాపు నన్ను పిలిచి, "బాయి గట్టు పంచాయితీ ఇంతకంటె జల్దీ తెగుతది, గది జెప్పు వీళ్లకు" అన్నాడు. చెప్పాను. అందరూ ముచ్చటపడి నవ్వారు. 'స్థానిక జ్ఞానం' అని ఒకామె రాసుకుంది. ఆయన్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువాను మర్నాటి నుంచి టమాట గంప కప్పుకుంది.

ఇక అసలు ముచ్చట. ఎండలు ముదిరిన రోజుల్లో బావి చూడటానికి విదేశీ బృందం వస్తుందని కబురొచ్చింది. అప్పటికి బావిలో అడుగు కనిపిస్తోంది, మోటారు వేస్తే బురద వస్తోంది. ప్రాజెక్టు తరఫున ఊళ్లో తిరిగే కోఆర్డినేటర్ పొద్దున్నే వచ్చాడు. "పెద్దయ్యా, అన్ని దేశాలోళ్లు వస్తాండ్రు. బాయి గిట్ల ఉంటే ఊరి ఇజ్జత్ ఏంగావాలె? ట్యాంకర్లు పోపిస్త" అన్నాడు.

ప్రాజెక్టు కోసం అని అడిగుంటే పెద్దబాపు అతన్ని గట్టు దిగేదాకా తరిమేవాడు. ఇజ్జత్ అన్నాడు, పరువు మాట రాగానే పెద్దబాపు పడిపోయాడు. చుట్టాలొస్తున్నారంటే పక్కింటి కుర్చీలు తెచ్చి వేసే మనుషులం మనం. లేని చక్కెర ఎదురింటి నుంచి తెచ్చి చాయ కాచి, వచ్చిన చుట్టం వీధి మలుపు తిరిగాక ఆ ఇంటివాళ్లకు బదులు తీర్చే దారి వెతుక్కుంటాం. "సుట్టాల ముంగట ఖాళీ కుండ పెడుతమా? పొయ్యుండ్రి" అన్నాడు. పక్క ఊరి బోరు నుంచి నీళ్లు తెచ్చి మా బావిలో కుమ్మరించారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. బృందం వచ్చి మెరిసే నీళ్లను ఫోటోలు తీసుకుంది. ఇచ్చిన గ్లాసులు ఎవరూ ముట్టుకోలేదు, ఒక ముసలి ప్రొఫెసరమ్మ తప్ప. ఆమె తాగి, ఇంకో గ్లాసు అడిగింది. తర్వాత ఎప్పుడు ఎవరు వచ్చినా ముందురోజు ట్యాంకర్లు రావడం రివాజైపోయింది.

గోడ మీద పచ్చ దీపం వెలుగుతోందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. చుట్టాల కోసం నింపిన నీళ్లని పెట్టెకు ఎవరు చెబుతారు? అది చూసింది చూసినట్టు పంపింది.

ఆ తర్వాతి మీటింగులో తెర మీద గీత వేశారు. నడి ఎండల్లో చుట్టుపక్కల బావులన్నీ కిందికి పోతుంటే మా బావి గీత మాత్రం పైకి లేస్తోంది. మిషన్ దాన్ని పట్టుకుందట. ఈ నేల అడుగున దాగిన నీరుందట, ఇక్కడ కొత్త బోర్లకు భయం లేదట. చప్పట్లు కొట్టారు. మా ఊరి వెనక బహుళ అంతస్తుల భవనాలు కట్టబోతున్న కంపెనీవాళ్లు ముందు వరసలో కూర్చుని ఇంకా గట్టిగా కొట్టారు.

పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు ఎవరిని తిడతాడో అని నేను చుట్టూ చూశాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మిషిన్ తప్పు గాదు. బాయి తప్పు గూడ గాదు. మీరొస్తాండ్రని ట్యాంకర్ల నీళ్లు పోపించిన. ఎండిన బాయి సూపియ్యనీకి నాకు సిగ్గయింది. గవి పక్కూరి బోరు నీళ్లు. గా లెక్క తీసెయ్యుండ్రి. లేకుంటే గీ బిల్డింగులోళ్లు బోర్లు దింపుతరు, మా సుట్టుముట్టు బాయిలన్ని సస్తయి."

అక్షరం పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆ హాల్లో అన్ని దేశాల పెద్దమనుషుల మధ్య తన తప్పు తాను చెప్పుకున్నవాడు ఆయన ఒక్కడే. నాకు ఆయన మీద అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదు. ప్రొఫెసరమ్మ పెన్ను కింద పెట్టి, మిగతా బావులకు కూడా ఇలాగే పోశారా అని అడిగింది. అధ్యక్షుడు గడియారం చూసి, ఇది చాలా విలువైన అంశం, భోజనం తర్వాత చర్చిద్దాం అన్నాడు. భోజనం తర్వాత ఫోటోలు తీశారు, జలపాతం తిప్పారు. తర్వాతి మీటింగులకు ప్రొఫెసరమ్మను పిలవలేదు.

నివేదిక అచ్చయి వచ్చింది. మెరిసే కాగితం, అట్ట మీద శాలువాతో పెద్దబాపు. లోపల ఆయన చెప్పిన మాట ఉంది. లేదంటే అన్యాయం. కాకపోతే "స్థానిక సమాజమే స్వచ్ఛందంగా జలవనరులను తిరిగి నింపుకుంటోంది" అని ఉంది. చదివి వినిపిస్తే అట్ట మీది తన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "దొంగతనం జేసి వొప్పుకున్నా గూడ సన్మానం జేస్తరా బిడ్డా వీళ్లు?" అని అడిగాడు. పెద్దమ్మ ఆ అట్టను ఆవకాయ జాడీ మీద మూతగా కట్టింది.

ఆ తర్వాత ఆయన బతుకంతా ఒకటే పనైంది. ఆ లెక్క తీసేయించాలి. కోఆర్డినేటర్ దగ్గరికి, అక్కడి నుంచి ప్రాజెక్టు ఆఫీసుకు, వీలున్నప్పుడల్లా నన్ను వెంటబెట్టుకుని తిరిగాడు. ఏసీ గదిలో ఒక కుర్రాయన చాలా ఓపికగా వివరించాడు. మిషన్ ఆ కొలతల నుంచి నేర్చేసుకుందట, ఇప్పుడు తీసేయాలంటే అన్ని దేశాలూ ఒప్పుకోవాలట. పెద్దబాపు ఓపికగానే విన్నాడు. "నేర్సుకున్నది తప్పని తెలిస్తే మళ్ల నేర్సుకోదా? మా బర్రె నేర్సుకుంటది" అన్నాడు. కుర్రాయన నవ్వి, ఫీడ్‌బ్యాక్ పంపిస్తానన్నాడు. పంపించే ఉంటాడు. అక్కడ చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఉంటారు.

బోర్లు దిగాయి. కంచె అవతల రిగ్గు మోగిన రోజుల్లో పెద్దబాపు గట్టు మీద కూర్చుని తడి ఆరిపోతున్న కొత్తిమీర మడిని చూస్తూ ఉండేవాడు. తిట్లు తగ్గాయి, అది మా అందరినీ భయపెట్టింది. పోవడానికి కొన్నాళ్ల ముందు, మీ తప్పేముంది, అందరూ చేసేదేగా అని ఓదార్చబోయాను. నావైపు తిరిగి, "బాయికి అబద్ధం రాదు బిడ్డా. అబద్ధమంత గట్టు మీదనే. గట్టు మీద నేను గూడ ఉంటి" అన్నాడు. ఆయన తిట్టిన వాళ్లందరిలో ఎక్కువ తిట్లు తిన్నది ఆయనే అని అప్పుడు అర్థమైంది.

ఆయన్ని బావి పక్కనున్న సొంత చెలకలోనే దహనం చేశాం. మావైపు దహనం కాగానే వచ్చినవాళ్లందరూ బావి దగ్గరే స్నానం చేసి, తడిబట్టలతో ఇంటికి రావాలి. ఎవరి బావికి వాళ్లు పోతే పోయినవాడికి లెక్క కాదంటారు. ఆయన తిట్టని మనిషి ఊళ్లో లేడు. తిట్లు తిన్నవాళ్లందరూ వచ్చారు. పెద్దన్న మోటారు వేశాడు. తొట్టి నిండటం, బిందెలు ముంచుకోవడం, మళ్లీ నిండటం. మొగవాళ్లు, ఆడవాళ్లు, వరసలో ఆఖరున తల వంచుకుని కోఆర్డినేటర్. ఎవరూ అతన్ని పొమ్మనలేదు. చివరి మనుషుల మీద బురదనీళ్లు పడ్డాయి, మోటారు గాలి పీల్చింది. బావిలో అడుగు రాళ్లు తేలాయి.

తల తుడుచుకుంటుంటే పెద్దమ్మ ఆయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిదేందో మోగుతాంది, సూడు బిడ్డా. మీ పెద్దబాపుకు ఎవలో ఏందో పంపిన్రు" అంది.

ప్రాజెక్టు మెసేజే. "మీ బావిలో నీటిమట్టం అకస్మాత్తుగా పడిపోయినట్టు నమోదైంది. గత వేసవుల కొలతలతో పోల్చినప్పుడు ఇది నమ్మదగినదిగా లేదు. కాబట్టి నేటి కొలతను లెక్క నుండి తొలగించాము. మీ సహకారానికి ధన్యవాదాలు."

"ఏమని రాసిన్రు?" అంది పెద్దమ్మ.

"లెక్క తీసేసినమని."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "తీసేసిన్రా? ఎన్ని తిప్పలు వడె దానికోసం. ఒక్క దినం ముందు తీసేస్తే ఏం బోయింది, ఆయన చెవుల వడుతుండె" అంది. "ఇగ పరేషాన్ లేదు గదా బిడ్డా, నిజంగ తీసేసిన్రు గదా?"

"తీసేసిన్రు పెద్దమ్మా" అన్నాను.

నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను. ద్రాక్ష పందిరి రాతి స్తంభాల మీద ఊరి తువ్వాళ్లన్నీ ఆరేసి ఉన్నాయి, వాటి నుంచి కారిన నీళ్లు ఎండిన మడిలోకి ఇంకుతున్నాయి. కింద, ఖాళీ బావి గోడ మీద ఆ పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.