హార్మోనియం మేస్త్రీ చెవులు

మేస్త్రీ దగ్గరికి హార్మోనియం రిపేరుకి తీసుకెళ్తే ఉత్త పెట్టెతో తిరిగి రావడం కుదరదు. కీచురాయి గొంతుతో కాకుండా రెక్కలు రాసుకుని ఎలా అరుస్తుందో, బిగించిన తీగ సన్నగా ఎందుకు పలుకుతుందో అన్నీ విని రావాల్సిందే. అందుకే అందరూ ఆయన్ని సంగతుల మేస్త్రీ అనేవాళ్లు. కోడి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి నూగు పాడైపోతే మళ్లీ మొలుస్తుందనీ, మనిషికి ఆ యోగం లేదనీ చెప్పి, ఆ విషయంలో మనకంటే కోడే నయమని తనే ముందు నవ్వేవాడు.

ఆయన పనీ చెవితోనే. ఒకే స్వరానికున్న రెండు రీడ్లని కలిపి మోగించాలి. వాటి మధ్య వెంట్రుకంత తేడా ఉన్నా శబ్దం ఊగుతుంది. ఇత్తడి రీడు కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. రెండూ కలిసిపోయాయంటే ఊగుడు ఆగిపోతుంది. పెళ్లయిన కొత్తలోనే భార్య తిత్తి ముందు కూర్చుంది. ఆమె గాలి కొట్టేది, ఆయన గీకేవాడు. గోడకవతల ఇనుప గ్రిల్స్ షాపులో కోత మిషను పొద్దస్తమానం ఇద్దరి చెవులూ తినేసేది. ఉన్న గది అదొక్కటే, ఎక్కడికి పోతారు?

ఈమధ్య పై స్థాయి రీడ్లు చిటికెలో కుదిరిపోతున్నాయి. చెయ్యి తిరిగిందని మురిసిపోయాడు, పిచ్చి మహారాజు.

సంగీతం టీచరు పెట్టె వెనక్కి తెచ్చింది. పై మెట్లన్నీ అపశ్రుతి పలుకుతున్నాయని చెప్పి, ఒక మెట్టు నొక్కి మొహం చిట్లించింది. ఆయనకి మాత్రం స్వరం కడిగిన ముత్యంలా వినిపించింది. అప్పుడు అర్థమైంది. ఊగుడు ఆగలేదు, తనకి వినపడడమే ఆగిపోయింది. ఈ పని తప్ప మరోటి రాదు, ఈ వయసులో నేర్పేవాళ్లూ లేరు.

ఆమె వెళ్లాక, మళ్లీ మొలవని నూగు గురించి భార్యకి చెప్పాడు. ఈసారి నవ్వు రాలేదు.

"నాకెప్పుడో తెలుసండీ. మీరు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పై రీడ్లు నేనే మళ్లీ గీకి పెడుతున్నా," అందామె.

ముందు ఒళ్లు మండింది, తర్వాత సిగ్గేసింది. ఆ వెంటనే పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంట్లో ఒక జత చెవులు మిగిలున్నాయి, అంతకంటే ఏం కావాలి? గబగబా తిత్తి ముందుకి జరిగి, ఆకురాయి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇకనుంచి నువ్వే గీకు. గాలి నేను కొడతా."

ఆమె ఆకురాయిని ఒళ్లో పెట్టుకుంది. తలెత్తలేదు.

"ఈ పెట్టె కూడా నేనే సరిచూసి పంపానండీ. నాకూ ఎక్కడా ఊగినట్టు వినపడలేదు."