తెల్ల దేవత నుదుటి బొట్టు

హామిల్టన్‌లో నేను బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్ పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మంటే. వాళ్ల ముందుగదిలో తెల్లటి గ్రీకు దేవత బొమ్మ ఉండేది. శుక్రవారం పూజ కాగానే ఆంటీ దాని నుదుట కుంకుమబొట్టు పెట్టేవారు. అంకుల్ తడి టిష్యూతో తుడిచేసి, ఎవరున్నా సరే, "టచ్ చేయకు. అది ఆర్ట్. నీకు తెలీదు," అనేవాడు. ఆ మూతి విరుపు చూస్తే టిష్యూ ఆయన మొహానే కొట్టాలనిపించేది.

ఒకసారి నన్నూ మ్యూజియానికి తీసుకెళ్లారు. గ్రీకు విగ్రహాల దగ్గర బోర్డు చూపించి ఆంటీ, "ఏం రాశారమ్మా?" అని అడిగారు.

"అప్పట్లో వీటికి రంగులు వేసేవారట ఆంటీ. దండలేసి పూజలు చేసేవారట. రంగులు పోయాకే ఇలా తెల్లబడ్డాయట," అని కావాలనే గట్టిగా చెప్పాను.

అంకుల్ వాచీ చూసుకుని, "పదండి, పార్కింగ్ టైమ్ అయిపోతోంది," అన్నాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన ఒంట్లోనే లేదు.

ఆ శుక్రవారం దేవత నుదుట బొట్టు రూపాయి బిళ్లంత ఉంది. అంకుల్ టిష్యూ తడిపి తెచ్చాడు. వంటగది గుమ్మంలో నిలబడి ఆంటీ నెమ్మదిగా అన్నారు:

"టచ్ చేయకండి. అది ఆర్ట్. మీకు తెలీదు."